వద్దు దారి ఇరవై మూడు

పెట్టె నిద్ర లేవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ స్వరూపకు ఊపిరాడదు. ముందు నల్లటి తెర మీద ఒక తెల్ల గీత మిణుకుమంటుంది. తర్వాత పెట్టె తన ఒళ్ళు తానే తడిమి చూసుకుంటుంది: కరెంటు ఉందా, వేడి ఎంతుంది, నలభై ఎనిమిది దారులూ తెరిచి ఉన్నాయా. అన్నీ సరిపోయాక ప్రతిసారీ అదే మాట రాస్తుంది. ‘పాత అమరిక ఏదీ లేదు. చేత్తో పెడతారా?’

‘పెడతాను’ అని కొట్టింది స్వరూప. ఇది పదిహేడోసారి.

అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఆ పెట్టె ఆమె అన్న మొగిలి కుడి చెవి వెనక, చర్మం కింద ఉంది. అక్కడ తగిలించిన సన్నని తీగ ఒకటి ఆమె ల్యాప్‌టాప్ దాకా వచ్చింది. మొగిలి ప్రయోగశాల మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వాటిని తిప్పడం కూడా అతని వశంలో లేదు. రెండు కళ్ళ కొసల నుంచీ నీళ్ళు చెవుల మీదికి కారుతున్నాయి. పెట్టెను ఆర్పి లేపిన ప్రతిసారీ కారతాయి. రెప్ప సరిగా పడని కన్ను ఎండిపోయి నీరు పెడుతుందని డాక్టరు పరాంకుశం మొదట్లోనే చెప్పాడు. మొగిలి భార్య కోమల పక్కన నిలబడి కొంగుతో తుడుస్తోంది.

“అన్నా, నీళ్ళు అనుకో,” అంది స్వరూప.

తెర మీద 14 వెలిగింది. ‘నీళ్ళు దారి 14’ అని కొట్టింది. పెట్టె ఏమీ అనలేదు. తప్పు కొడితేనే అది గొణుగుతుంది, సరిగ్గా కొడితే నోరు మెదపదు. ఆ జాతి యంత్రాల తీరే అంత.

“ఫ్యాను అనుకో... ఆఁ, అయింది. వదిన పేరు అనుకో.”

‘ఫ్యాను దారి 9’. ‘కోమల దారి 31’. ‘నొప్పి దారి 6’. ఒక్కో మాటకు మూడు నాలుగు నిమిషాలు. ఒక్కోసారి అంకె వెలిగినట్టే వెలిగి మాయమవుతుంది, మళ్ళీ అడగాలి.

“ఒద్దు అనుకో అన్నా.”

23 వెలిగింది. ‘వద్దు దారి 23’ అని కొట్టింది. పెట్టె ఏమీ అనలేదు.

నలభై మాటలూ అయ్యేసరికి పదకొండున్నర దాటింది. చివర ఎప్పటిలాగే ఇంకో వాక్యం చేర్చింది: ‘మిగతావన్నీ దారి 1’. వేళ్ళు విరుచుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

“అయిపాయె వదినా.”

“నీళ్ళు తాగుతవానయ్యా?” అని మొగిలి మీదికి వంగి అడిగింది కోమల.

“ఊఁ,” అన్నాడు మొగిలి.

ఆ ‘ఊఁ’ అతని సొంత గొంతే. వరంగల్ నుంచి ములుగు దాకా పాతికేళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన గొంతు. మొగిలి కండక్టరంటే ఆ దారిలో ఎరగనివాడు లేడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు, ఎక్కిన ప్రతివాడితోనూ వరస కలిపేవాడు. చిల్లర లేదన్న ముసలమ్మను దింపిన పాపాన పోలేదు. స్టాపు కాని చోట చెయ్యెత్తినా విజిలు వేసేవాడు. “మీ అన్నకు ఎవలకన్న లేదు, ఒద్దు అనుడు రాదే,” అని కోమల పెళ్ళయిన నెలకే ఆడబిడ్డకు ఫిర్యాదు చేసింది. తండ్రి పోయినప్పుడు స్వరూప పదో తరగతి. చదువుతానంటే ఊఁ అన్నాడు. కంప్యూటర్లంటే ఊఁ అన్నాడు. ఆమె ఇవాళ ఇలా ఉందంటే ఆ కండక్టరు చలవే.

రెండేళ్ళ కిందట ఫుట్‌బోర్డు మీంచి జారి పడ్డాడు. తల వెనక దెబ్బ. ప్రాణం పోలేదు, తెలివి పోలేదు. కానీ మెదడుకూ ఒంటికీ మధ్య దారులన్నీ తెగిపోయాయి. అన్నీ వింటాడు, అన్నీ తెలుస్తాయి, కనురెప్ప కూడా కదపలేడు. మాటలతో బతికిన మనిషికి అంతకంటే నరకం ఏముంటుంది?

హన్మకొండ శివారులోని నాడీసేతు పరిశోధనశాలలో పరాంకుశం అప్పటికి ఆరేళ్ళుగా ఒకటే ఆలోచనతో తలపట్టుకుని ఉన్నాడు. తెగిన దారిని అతికించలేం. కానీ పక్కదారి వేయొచ్చు గదా? కాలేజీల్లో, ఆఫీసుల్లో రౌటర్ అనే పెట్టె ఉంటుంది. ఎక్కడి నుంచో వచ్చిన సందేశాన్ని చూసి, తన పట్టికలో వెతికి, ఇది ఫలానా దారిన పోవాలి అని పంపిస్తుంది. అలాంటి పెట్టెను తలలో పెడితే, మనిషి ‘నీళ్ళు’ అనుకోగానే ఆ తలపును పట్టుకుని గొంతు నరాలకు పంపితే? పెట్టె తయారైంది. దాన్ని నడిపే మనిషి కావాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు కాలేజీల్లో రౌటర్లకు నల్ల తెర మీద ఆజ్ఞలు కొట్టిన స్వరూప ఆ ఉద్యోగంలో చేరింది. చేరిన ఏడాదికే అన్న పడిపోయాడు. మొదటి పెట్టె ఎవరికి పెట్టాలన్న ప్రశ్నే రాలేదు.

మామూలు రౌటరుకు ఒకసారి అమరిక చెప్పి దాచుకోమంటే దాచుకుంటుంది. ఆర్పి వెలిగించినా అన్నీ గుర్తుంటాయి. మొగిలి పెట్టెకు ఆ భాగ్యం లేదు. దాచుకునే చిప్పు వేడెక్కుతుంది, తలలో అంత వేడి పనికిరాదని తీసేశారు. పైగా మూడు వారాలకోసారి పట్టిక నిండిపోతుంది. అప్పుడు ఆర్పకపోతే ఫిట్స్ వస్తాయి, ఆర్పి మళ్ళీ లేపాలి. లేపిన ప్రతిసారీ తలపుల అంకెలు మారిపోతాయి. అందుకే ఒక్కో మాటా అడిగి, ఒక్కో వాక్యమూ చేత్తో కొట్టాలి.

ఆ ఆజ్ఞలు తెలుగులో ఉండాలన్నది పరాంకుశం పట్టుదల. రేపు జిల్లా ఆస్పత్రిలో నర్సు కూడా కొట్టగలగాలి అన్నాడు. ఆ భాషను అల్లింది స్వరూపే. దారి వేయాలంటే మాట, దాని పక్కన దారి అంకె. ఏ పొరపాటునైనా చెరిపేయాలంటే ‘వద్దు’. ఇంగ్లీషు పెట్టెల్లో ఆ మాట వాక్యం మొదట్లోనే రావాలి. మనవాళ్ళు అలా మాట్లాడరు గదా, ‘చాయ్ వద్దు’ అంటారు, ‘వద్దు చాయ్’ అని కూడా అంటారు. అందుకని ఎక్కడ వచ్చినా పెట్టె అర్థం చేసుకునేలా పెట్టింది. ఆ రోజు పరాంకుశం ఆమె వీపు తట్టాడు. ఆమె కూడా లోలోపల మురిసిపోయింది. మురవొద్దా మరి, పెట్టెకు తెలుగు నుడికారం నేర్పిన మొదటి మనిషి తనే!

మొదటి రోజు మాత్రం ఒక్క మాట కుదరలేదు. నీళ్ళు అనమంటే నీళ్ళు అన్నాడు, కోమల అనమంటే కోమల అన్నాడు, గదిలో అందరూ ఏడ్చారు. “ఒద్దు అను అన్నా,” అంటే “ఊఁ” అన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ “ఊఁ”.

“జూస్తివా?” అంది కోమల కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ. “తల పగిలినా బుద్ధి మారలే. ఒద్దు అనమంటే గూడ ఊఁ అంటుండు.”

అందరూ నవ్వారు. నిరాకరణ మెదడులో వేరే మూల ఉంటుందనీ, అక్కడా దెబ్బ తగిలి ఉండొచ్చనీ పరాంకుశం అన్నాడు. నలభైలో ముప్పై తొమ్మిది చాలు. ఆ తర్వాత స్వరూప ఆ వాక్యాన్ని అలవాటుగా కొడుతూనే ఉంది. పలికించి చూడటం మానేసింది.

“ఏదన్నా అడిగినప్పుడు ఊఁ అంటే ఒప్పుకున్నట్టు,” అని నియమం పెట్టాడు పరాంకుశం. “ఏమీ అనకపోతే ఒప్పుకోనట్టు. అంతకంటే ఏం కావాలి?”

* * *

మొగిలి ఇల్లు పోచమ్మ మైదానం దగ్గర, రెండు గదులు. ముందు గదిలో మొగిలి మంచం, దాని పక్కన కోమల కుట్టు మిషను. కోమల కుడుతూ మాట్లాడుతూనే ఉంటుంది.

“పక్కింటి సుగుణమ్మ బిడ్డకు జాబొచ్చిందట. మంచిగైంది గదా?”

“ఊఁ.”

“సెంటర్ల పప్పు రేటు పిరమైంది. ఇయ్యాల పచ్చిపులుసు జేస్త.”

“ఊఁ.”

“నేను ఆ పొద్దు సంతకం పెట్టిన. నువ్వు తెలివిల లేవు. డబ్బీ పెట్టుమని నేనే సంతకం పెట్టిన. మంచి పనే చేసిన గదా?”

“ఊఁ.”

రోజుకొకసారైనా ఈ ప్రశ్న అడుగుతుంది. ఆ ‘ఊఁ’ వింటే ఆ రోజు గడుస్తుంది. ప్రయోగశాల నుంచి వచ్చిన స్వరూప చెప్పులు విప్పుతూ ఎన్నోసార్లు విన్నది. వదిన ముఖం అప్పుడు తేటపడటం చూసి, తాను చేసిన పని సార్థకమైందనుకునేది.

పదిహేడోసారి లేపిన వారానికి పరాంకుశం పెద్ద వార్త చెప్పాడు. కొత్త పెట్టె సిద్ధమైంది. రెండు వందల దారులు. మాటలే కాదు, ఒక చెయ్యి కూడా కదులుతుంది. పన్నెండు గంటల ఆపరేషను, తల రెండు చోట్ల తెరవాలి. ప్రమాదం లేదనడు, ఉందనీ పెద్దగా అనడు. కెమెరా పెట్టి మొగిలిని అడిగారు.

“మొగిలి గారూ, కొత్త పెట్టె పెట్టించుకుంటారా?”

“ఊఁ.”

“మీ ఇష్టంతోనే గదా?”

“ఊఁ. ఊఁ. ఊఁ.”

“ఎంత ఆత్రమో చూశారా!” అన్నాడు పరాంకుశం. సోమవారానికి ముహూర్తం పెట్టారు.

* * *

కొత్త పెట్టెను నడపబోయే నర్సుల కోసం చేతిపుస్తకం రాయమన్నారు. శుక్రవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక స్వరూప రాయడానికి కూర్చుంది. కంప్యూటర్ల వాళ్ళను పుస్తకం రాయమంటే చేదు కషాయమే. చేసేది చెప్పమంటే మాట రాదు. మొదటి పేజీలో మాటలకు దారులు వేసే పద్ధతి రాసి, కిందటిసారి కొట్టిన వాక్యాలనే ఉదాహరణగా దించింది. రెండో పేజీలో, పొరపాటున వేసిన దారిని చెరిపే పద్ధతి. ఉదాహరణకు ఏదో ఒక అంకె కావాలి. ఇరవై మూడు తీసుకుంది.

‘ఇరవై మూడో దారి చెరపాలంటే ఇలా కొట్టండి: వద్దు దారి 23.’

రాసి, చాయ్ కోసం లేవబోయి, ఎందుకో మొదటి పేజీ వైపు చూసింది. అక్కడ మాటల జాబితాలో, నొప్పికీ అన్నానికీ మధ్య, అదే వాక్యం ఉంది. అక్షరం పొల్లుపోకుండా.

కాసేపు ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

తాను ‘వద్దు అనే మాటకు దారి ఇరవై మూడు’ అనుకుని కొట్టింది. పెట్టె ‘దారి ఇరవై మూడు వద్దు’ అని చదువుకుంది. చెప్పినట్టే ఆ దారిని చెరిపేసింది. తప్పేం లేదు గనక నోరు మెదపలేదు. పదిహేడుసార్లు అడగడం, పదిహేడుసార్లు అంకె చూడటం, పదిహేడుసార్లు తన చేత్తోనే ఆ ఒక్క మాటనూ అన్న నోట్లోంచి తీసేయడం.

మరి ఆ తలపు ఎటు పోయింది? పట్టికలో పేరు లేని తలపులు పెట్టెలోనే కొట్టుకుంటే మొగిలికి ఫిట్స్ వస్తాయి. వాటిని ఎటో ఒకవైపు వదలాలని తనే కదా చివరి వాక్యం చేర్చింది. ‘మిగతావన్నీ దారి 1.’ గొంతులో అన్నిటికన్నా నునుపైన దారి, మూసిన నోటితో పలికే దారి. ఆమెకది ఒక అంకె మాత్రమే. ఆ దారిన బయటికి వచ్చేది ‘ఊఁ’, నలభై మాటల్లో అసలు లేనిది.

పెట్టె చిట్టా తెరిచింది. వచ్చిన ప్రతి తలపూ ఏ అంకెతో వచ్చింది, ఎటు పోయింది అని పెట్టె రాసుకుంటూ ఉంటుంది. ఇన్నాళ్ళూ ఎవరూ చదవలేదు, అవసరం పడలేదు. పది రోజుల చిట్టా నిండా ఇరవై మూడే. ఇరవై మూడు, దారి 1. ఇరవై మూడు, దారి 1. కెమెరా ముందు అడిగిన నాలుగు నిమిషాల్లో పదకొండుసార్లు. పాత చిట్టాలు తీసింది. ప్రతిసారీ ఆర్పే ముందు తాను అడుగుతుంది, “లేపుదమా అన్నా?” అని. ప్రతిసారీ అతను ఊఁ అన్నాడు. అంకెలు వేరు గానీ ప్రతి ఊఁ కిందా ఉన్న తలపు అదే.

ఆర్పి లేపేటప్పుడు నలభై ఎనిమిది దారులూ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఆ క్షణాన రోగికి స్పృహ ఉండదని లెక్కగట్టారు. ఆ కళ్ళనీళ్ళు కన్ను ఎండడం వల్ల కాదేమోనన్న ఆలోచన ఇన్నాళ్ళకు ఆమెకు వచ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తర్వాత తీగనూ ల్యాప్‌టాప్‌నూ సంచిలో వేసుకుని అన్న ఇంటికి బయల్దేరింది.

* * *

“గిప్పుడే వచ్చినవేందే? మొఖం గట్లున్నది?” అంది కోమల మిషను ఆపి.

స్వరూప నేరుగా లోపలికొచ్చింది. మంచం పక్కన కింద కూర్చుని తీగ తగిలించింది. ముందు చివరి వాక్యం మార్చింది: ‘మిగతావన్నీ దారి 48’. ఆ దారి గొంతులో ఎక్కడా ఆగదు, ఏ చప్పుడూ రాదు. తర్వాత అసలు మాట. ‘వద్దు’ అని కొడితే పెట్టె మళ్ళీ చెరిపేస్తుంది. కాసేపు తెర వైపు వెర్రిగా చూసింది. పుస్తకాల్లోని ‘వద్దు’నే తాను పెట్టెకు నేర్పింది. ఇంట్లో ఎవరు అలా అంటారు? అన్న పుట్టాక ఎన్నడైనా అలా అన్నాడా?

‘ఒద్దు దారి 23’ అని కొట్టింది. పెట్టె ఏమీ అనలేదు. పట్టిక చూపమని కొట్టింది. ఈసారి ఆ మాట పట్టికలో ఉంది.

“అన్నా. ఒద్దు అను.”

మొగిలి గొంతు గరగరమంది.

“ఒద్దు,” అన్నాడు.

కోమల చేతిలోని బట్ట జారిపోయింది.

“ఒద్దు,” అన్నాడు మళ్ళీ. “ఒద్దు. ఒద్దు. ఒద్దు. ఒద్దు...”

ఆగలేదు. ఎంతసేపు అన్నాడో ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఏడాది పాటు మూసి ఉంచిన మాట అది, వచ్చేదాకా వచ్చింది. గొంతు బొంగురుపోయాక ఆగాడు. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే కప్పు వైపే ఉన్నాయి.

“సోమవారం ఆపరేషను జేపిద్దమా అన్నా?” అంది స్వరూప, తన గొంతు తనకే వినపడనంత మెల్లగా.

“ఒద్దు.”

“పెట్టె ఆర్పి లేపేటప్పుడు నొప్పి అయితదా?”

“నొప్పి. నొప్పి. నొప్పి.”

“మళ్ళ లేపాల్నా?”

“ఒద్దు.”

కోమల అప్పటికి గోడకు చేరగిలబడి ఉంది. స్వరూప చెప్పడం మొదలుపెట్టింది. దారులూ అంకెలూ అంటూ ఏదో చెప్పబోతే కోమల చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకవన్ని జెప్పకు. ఒక్కటి జెప్పు. ఇన్ని దినాలు ఊఁ అన్నది ఆయన కాదా?”

“కొన్నిసార్లు అయ్యుంటది వదినా. కొన్నిసార్లు...”

“ఏది అవునో, ఏది కాదో?”

“అన్నీ తెల్వది.”

కోమల ముఖం చూస్తుంటే స్వరూపకు భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. అత్తింటి ముచ్చట్లు, పప్పు ధరలు, పక్కింటి పెళ్ళిళ్ళు, రాత్రి పడుకునే ముందు ఎవరికీ చెప్పని మాటలు, ఏడాది కాపురం అంతా ఆ ఒక్క శబ్దం మీద నడిచింది. దాన్ని ఆడబిడ్డ వచ్చి తీసుకుపోయింది.

“నువ్వు చదువుకున్నదానివి,” అంది చివరికి కోమల. “నాకైతే ఎర్క లేదు. నీకు గూడ ఎర్క గాలేదా?”

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు. లేచి మంచం దగ్గరికి వెళ్ళి మొగిలి మీదికి వంగింది.

“ఏమయ్యా. నేను సంతకం పెట్టిన. మంచి పనే చేసిన్నా?”

ఈసారి ఊఁ రాలేదు. కోమల కదలకుండా నిలబడింది, కళ్ళలోంచి నీళ్ళు అతని చొక్కా మీద పడుతున్నాయి.

“కోమల,” అన్నాడు మొగిలి. కాసేపటికి, “ఒద్దు.”

“ఏడ్వకంటుండు,” అంది కోమల స్వరూప వైపు తిరక్కుండానే. స్వరూప అవునన్నట్టు తలూపింది. అతను అన్నది అదేనో, ఇంకేదైనానో, ఆమె చెప్పగలిగే స్థితిలో లేదు.

* * *

పరాంకుశం చెడ్డవాడు కాదు. చిట్టా చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆపరేషను ఆపించాడు. కానీ పెట్టెను లేపనంటే మాత్రం ఒప్పుకోలేకపోయాడు.

“ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి స్వరూప గారూ. పట్టిక నిండాక ఆర్పేయాలి. ఆర్పి లేపకపోతే వారంలో నరాల కొసలు మూసుకుపోతాయి. ఇక ఈ జన్మలో తెరుచుకోవు. అన్నీ వింటూ, అన్నీ తెలిసీ, అలా పడుంటారు. ఇంకో ముప్పై ఏళ్ళు కావచ్చు. నొప్పికి మత్తు వెతుకుదాం. టైమివ్వండి.”

“మత్తిస్తే అంకెలు వెలగవు గదా సార్. మీరే చెప్పారు.”

“వెతుకుదామంటున్నాను.”

“దొరికేదాకా?”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “ఈ ‘ఒద్దు’ మాత్రం తప్పు కాదని ఏం నమ్మకం?” అన్నాడు. అని, తనకే సిగ్గేసినట్టు కిటికీ వైపు తిరిగాడు.

నిజానికి మెలిక అంతా అక్కడే ఉందని స్వరూపకు తెలుసు. ఆర్పి లేపితే అన్నకు నరకం, కానీ మాట ఉంటుంది. లేపకపోతే నొప్పి ఉండదు, మాటా ఉండదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది తాను, కడుక్కోవాల్సింది అతను. రోజూ ఉదయం వెళ్ళి అడిగింది. ఒకసారి కాదు, మార్చి మార్చి అడిగింది. “మత్తు దొరికేదాకా ఓర్చుకుంటవా అన్నా?” “ఒద్దు.” “ఇంకొక్కసారి లేపుదమా?” “ఒద్దు.” “పెట్టె ఆరిపోతె మళ్ళ మాట రాదు. ఎర్కేనా?” ఈ ప్రశ్నకు అతను ఏమీ అనలేదు. ‘ఎర్కే’ అన్న మాట నలభైలో లేదు.

మిగిలిన వేళల్లో కోమల మిషను ముందు కూర్చుని అడిగేది. పచ్చిపులుసు? ఒద్దు. ఫ్యాను? ఒద్దు. సుగుణమ్మ ముచ్చట చెప్పన్నా? ఒద్దు. మొదట్లో ప్రతి ఒద్దుకూ ఉలిక్కిపడేది. నాలుగో రోజుకు కొంచెం నవ్వొచ్చింది. “ఇరవై ఏండ్లు సుగుణమ్మ ముచ్చట ఇన్నడు పాపం. ఒక్కనాడన్న ఒద్దనకపాయె,” అంది. ఆ వారంలోనే ఆ ఇద్దరూ నిజంగా మాట్లాడుకున్నారని స్వరూపకు అనిపించింది. పదో రోజుకు ఒక్కో మాట తడబడటం మొదలైంది. నీళ్ళు అనబోయి ఫ్యాను అన్నాడు. పట్టిక నిండుతోంది.

పదకొండో రోజు ఉదయం కోమల ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఒక్కపారి లేపు స్వరూపా. ఒక్క మూడు వారాలు. నేనింక ఏమీ అడుగ.”

“ఆయన్నే అడుగు వదినా.”

కోమల అడగలేదు. ఏం జవాబొస్తుందో ఆమెకు తెలుసు. తల అవతలికి తిప్పుకుంది. స్వరూప మంచం పక్కన కూర్చుని తీగ తగిలించి, చివరిసారి అడిగింది. అతను తడబడకుండా అదే మాట అన్నాడు. ఆమె ఆర్పమని కొట్టింది. ‘నిజంగానే ఆర్పాలా?’ అని అడిగింది పెట్టె. అవునంది. తెర మీద తెల్ల గీత రెండుసార్లు మిణుకుమని పోయింది. మొగిలి కళ్ళు కారలేదు.

తీగ విప్పి, అది తగిలించిన చోట దూదితో అద్ది, పట్టీ వేసింది. కోమల వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో వచ్చింది.

“ఇగో, చాయ్ తెచ్చిన. తాపుతున్న,” అంది. ఆ రోజు నుంచి ఆమె అతన్ని ఏదీ అడగలేదు. చెప్పడం మాత్రం మానలేదు.

తాపడం అయ్యాక కోమల బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్ళింది. గదిలో స్వరూప, అన్న మిగిలారు. ఆమె మంచం పట్టె మీద తల ఆనించింది.

“నన్ను మన్నిస్తవా అన్నా?” అంది.

జవాబు రాదని ఆమెకు తెలుసు. ఆ పదకొండు రోజులూ పొద్దున్నే వచ్చి అన్నీ అడిగింది గానీ, అతని నోట్లో ఒద్దు ఉన్నన్నాళ్ళూ ఈ ఒక్కటి అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.